లారీకి దారి చెప్పేదెవరు?

కైకలూరులో చేపల లోడు పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. థర్మోకోల్ పెట్టెల్లో ఐసు, ఐసు మధ్య బొచ్చె, శీలావతి. పైన పట్టా కప్పి తాళ్లు బిగించారు. హౌరా మార్కెట్టు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, ఐసు కరిగేలోపు చేరాలి. డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. అద్దం ముందు దుర్గమ్మ పటం, పటం పక్కన క్లిప్పుకు బిగించిన ఫోను. ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్లామో లేదో, ఫోనులో గొంతు ఎడమవైపు తిరగమంది. ఆయన తిరగలేదు. కాసేపాగి మళ్లీ చెప్పింది. మళ్లీ తిరగలేదు. తెర మీద చూస్తే ఆ ఎడమ దారిలో ఏడెనిమిది కిలోమీటర్లు కలిసొస్తాయి.

"ఎందుకు బాబాయ్, అటు దగ్గరంటోంది కదా?" అన్నాను.

"అది చెరువు గట్టండి. మొన్న వానకి గట్టు మెత్తబడి ఉంటుంది. ఎదురుగా ఇంకో బండొస్తే పక్కకి జరగడానికి చోటుండదు. కారుకైతే పర్లేదు. మనది కారో లారీయో దానికేం తెలుసండీ?"

లారీ డ్రైవర్లకు కాగితం మ్యాపు మేలా, ఉపగ్రహం చూపే దారి మేలా అన్న చర్చ చాలా దేశాల్లో ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. రెండు పక్షాల వాళ్లు చెప్పినవీ, పరిశోధకులు తేల్చినవీ చదువుతున్నప్పుడల్లా నాకు ఆ గట్టు రోడ్డే గుర్తొస్తుంది. ఆ గట్టు సంగతి ఫోనులో లేదు. ఏ కాగితం మ్యాపులోనూ ఉండదు. ఉన్నది ఆయన బుర్రలో. అక్కడికి అది ఎలా చేరిందో, రేపు అదే సీట్లో కూర్చునే పాతికేళ్ల కుర్రాడి బుర్రలోకి ఎలా చేరుతుందో తెలుసుకోకుండా ఈ చర్చ తెగదని నా నమ్మకం.

ముందు కాగితం సంగతి. అమెరికాలో లారీ డ్రైవరు అట్లాసు అంటే చాలామందికి గుర్తొచ్చేది రాండ్ మెక్‌నల్లీ వాళ్ల మోటర్ క్యారియర్స్ అట్లాసు. అందులో రోడ్లు గీసి ఊరుకోలేదు. బరువు లారీలను అనుమతించే దారులకు వేరే రంగు వేశారు. ఏ రాష్ట్రంలో ఏ వంతెన ఎంత ఎత్తుందో పట్టికలు ఇచ్చారు. తూకం కేంద్రాలు ఎక్కడున్నాయో చూపారు. బ్రిటన్‌లో కూడా లారీల కోసం విడిగా అట్లాసులు అచ్చేస్తారు. అక్కడ 16 అడుగుల 6 అంగుళాల కంటే తక్కువ ఎత్తున్న వంతెనకు బోర్డు పెడతారు, ఆ ఎత్తులు అట్లాసులోనూ ఉంటాయి. అంటే అక్కడ కాగితం పక్షాన మాట్లాడేవాళ్లు కాగితం మీద మమకారంతో మాట్లాడటం లేదు. లారీ కోసమే తయారైన సమాచారం తమ చేతిలో ఉండేదని, కార్ల కోసం తయారైన ఫోను వచ్చి దాన్ని పక్కకు నెట్టిందని వాళ్ల బాధ. అది న్యాయమైన బాధే.

మన దగ్గర ఆ కాగితమే లేదు. కొలతలో వెనకబడిన దేశమా అంటే అదీ కాదు. సర్వే ఆఫ్ ఇండియా 1767లో పుట్టింది. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ కింద లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే ఈ దేశాన్ని దక్షిణం నుంచి హిమాలయాల దాకా కొలిచింది. ఆ లాంబ్టన్ 1823లో కన్నుమూసిన హింగన్‌ఘాట్, హైదరాబాదు నుంచి నాగపూర్ వెళ్లే లారీల దారిలోనే ఉంది. కొలిచిన పటాలు మాత్రం పాలకుల దగ్గరా సైన్యం దగ్గరా ఉండిపోయాయి. సరిహద్దు, తీర ప్రాంతాల పటాలు మామూలు జనానికి అందేవి కావు. 2005లో వచ్చిన జాతీయ పటాల విధానం సైన్యానికి ఒక వరుస, ప్రజలకు ఒక వరుస అని విడదీసింది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం భౌగోళిక సమాచారం మీద ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది. అప్పటికి ఫోను ప్రతి లారీలోకీ వచ్చేసింది. పుస్తకాల షాపుల్లో రోడ్డు అట్లాసులు దొరికేవి గానీ కొనేది కార్లవాళ్లు, ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు. విజయవాడ ఆటోనగర్లో నేను మాట్లాడిన పాత డ్రైవర్లలో మ్యాపు చూసి బండి నడిపానన్నవాళ్లు ఒక్కరూ లేరు.

వాళ్ల దగ్గర ఉన్నది చిన్న నోటుబుక్కు. చొక్కా జేబులో పట్టేంత, మూలలు నలిగిపోయి, ఆయిలు మరకలతో. ఆ చేపల లారీలోనూ అలాంటిది సీటు పైన అరలో ఉంది. అడిగితే ఇచ్చారు. ఒక పేజీలో ఇచ్ఛాపురం నుంచి వరుసగా ఊళ్ల పేర్లు, ఒకదాని కింద ఒకటి, తెలుగులో: బరంపురం, చత్రపురం, ఖుర్దా, కటక్, భద్రక్, బాలేశ్వరం. ఒక్కో పేరు పక్కన రెండు మూడు ముక్కలు. "కుడి బంకులో డీజిలు మంచిది." "పంక్చరు, రాత్రి ఉంటాడు." "ఇక్కడ ఆపొద్దు." ఒక చోట ఊరి పేరు లేదు, "రెండు తాటిచెట్లు, తర్వాత ఎడమ" అని మాత్రం ఉంది. "ఆ చెట్లు ఇప్పుడు లేవండి, రోడ్డు వెడల్పులో పోయాయి" అన్నారు. అయినా కొట్టేయలేదు.

ఆ పేజీని చూస్తే నాకు ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చారు. 1830లో మద్రాసు నుంచి పరివారంతో బయల్దేరి కడప, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీ చేరి, గంజాం, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం తీరం వెంట 1831లో తిరిగొచ్చిన ఆయన, మజిలీ మజిలీకీ దారి ఎలా ఉందో, నీళ్లు దొరుకుతాయో లేదో, అంగళ్లు ఉన్నాయో లేదో రాసిపెట్టారు. పోయిన దారి ఇంచుమించు తర్వాతి ఏడో నంబరు జాతీయ రహదారి, వచ్చిన దారి ఐదో నంబరు. 'కాశీయాత్ర చరిత్ర'ను మనం సాహిత్యంగా చదువుతాం. అది ముందుగా ఒక దారి పుస్తకం, వెనక వచ్చేవాళ్ల కోసం రాసింది. లారీ డ్రైవరు నోటుబుక్కు ఆ వంశానిదే. దేశమంతా ఒక్కసారిగా పైనుంచి కనిపించే పటం కాదది. ఒక దారి, దాని మీద వరుసగా తగిలేవి, అంతే. ఇంగ్లండులో జాన్ ఓగిల్బీ 1675లో ఇలాగే రోడ్లను పొడుగాటి పట్టీల్లా గీసి పుస్తకం వేశాడు. నడిచేవాడికీ నడిపేవాడికీ కావలసింది అదే. ఈనాటి ఫోను కూడా ముందున్న మలుపును మాత్రమే చూపుతుంది, ఆ రకంగా అదీ ఆ పట్టీలాంటిదే.

నోటుబుక్కు లేని చోట నోరుంది. అడగడానికి ఒక పద్ధతి ఉందని నాకు ఆ ప్రయాణంలోనే తెలిసింది. "ఇది కటక్ రోడ్డేనా?" అని అడగకూడదు. అడిగినవాణ్ణి నొప్పించడం ఇష్టం లేక చాలామంది అవుననేస్తారు. "కటక్ ఎటు?" అని అడగాలి. ఒకరి మాట మీద తిప్పకూడదు, ఇంకో అర కిలోమీటరు పోయి ఇంకొకరిని అడగాలి. కారువాళ్లను అడగకూడదు. టీ కొట్టువాడినో, ఆ జిల్లా నంబరు ప్లేటున్న లారీవాడినో అడగాలి. ఇవి చిన్న విషయాలని కొట్టేయలేం. సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలో తూచే తెలివి వీటిలో ఉంది. ఫోను చెప్పినదాన్ని అలా తూచే అలవాటు మనకింకా రాలేదు.

కిలోమీటరు రాళ్లదీ కొంత పాత్ర ఉంది. పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. అక్షరం రానివాడికి కూడా రంగు తెలుస్తుంది. 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చారు. చెన్నై–కోల్‌కతా దారిలోని ఐదో నంబరు రోడ్డు 16 అయింది, వారణాసి–కన్యాకుమారి ఏడో నంబరులో చాలా భాగం 44లో కలిసింది, పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం వచ్చే తొమ్మిదో నంబరు 65 అయింది. కొత్త పద్ధతి ప్రకారం ఉత్తర దక్షిణ రోడ్లకు సరి సంఖ్యలు, తూర్పు పడమర రోడ్లకు బేసి సంఖ్యలు. పద్ధతి చక్కనిదే. కానీ పదిహేనేళ్లయినా మా వైపు డ్రైవర్లు "ఐదో నంబరు రోడ్డు" అనే అంటారు, ఫోను "ఎన్‌హెచ్ పదహారు" అంటుంది. పాతవాళ్లు ఫోను గొంతును పట్టించుకోకపోవడానికి ఇదొక చిన్న కారణం.

ఇక ఉపగ్రహం. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు అణు గడియారాలతో సమయాన్ని ప్రసారం చేస్తుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోను తానెక్కడుందో లెక్కగడుతుంది. 1995 నాటికే వ్యవస్థ పూర్తిగా సిద్ధమైంది కానీ మామూలు జనానికి అందే సంకేతంలో అమెరికా సైన్యం కావాలని తప్పు కలిపేది. 2000 మే మొదట్లో ఆ కలపడం ఆపేశారు. వంద మీటర్ల దాకా ఉండే తేడా ఒక్క రాత్రిలో పది, ఇరవై మీటర్లకు తగ్గింది. మనం లారీలో చూసే ఈ పరికరం నిజంగా ఉపయోగపడటం మొదలైంది ఆ రాత్రి నుంచే. మన ఇస్రో నావిక్ ఉపగ్రహాలను 2013 నుంచి 2016 దాకా ఏడింటిని కక్ష్యలో పెట్టింది. వాటిలో కొన్నింటి అణు గడియారాలు పాడైనా, ఈ రంగంలో మనకంటూ ఒకటి ఉండటం గొప్ప సంగతే.

ఫోను చేసిన మేలును తక్కువ చేస్తే అన్యాయం చేసినట్టే. ఒడియా లిపి, బెంగాలీ లిపి రాని తెలుగు డ్రైవరుకు బోర్డు చదివిపెట్టే మనిషి లేనప్పుడు చెవిలో తెలుగులో దారి చెప్పే గొంతు ఎంత ధైర్యమో ఆ ప్రయాణంలో చూశాను. కాగితం మ్యాపు ఎప్పుడూ చేయని పని అది. చదువు రాని డ్రైవరుకూ దారి తెలిసింది. పది కిలోమీటర్ల ముందు లారీ బోల్తా పడి రోడ్డు ఆగిపోయిందని అరగంట ముందే ఎర్రగీత చెప్పింది. చేపల లోడుకు ఆ అరగంట వేల రూపాయల విలువ. మనవాళ్లు దారి చెప్పేటప్పుడు "పెట్రోలు బంకు దాటాక", "గుడి పక్కన" అంటారని గమనించి మ్యాపుల కంపెనీలు గుర్తులతో దారి చెప్పడం మొదలుపెట్టాయి. గల్ఫ్‌లో హెవీ లైసెన్సుతో బండ్లు నడిపే జగిత్యాల, కడప కుర్రాళ్లలో చాలామందికి భాష రాని దేశంలో మొదటి నెలలు గట్టెక్కించింది ఫోనే.

ఒక మాట మాత్రం చాలామందికి తెలియదు. ఉపగ్రహ సంకేతానికి నెట్టు అక్కర్లేదు, దారి బొమ్మకు కావాలి. నల్లమలలో సిగ్నలు పోయినప్పుడు తెర మీద నీలం చుక్క కదులుతూనే ఉంటుంది, దాని కింద బొమ్మ ఉండదు. ఖాళీ బూడిదరంగు మీద ఒంటరి చుక్క. ముందే బొమ్మను ఫోనులో దించుకోవాలని ఎవరైనా చెప్పి ఉంటే ఆ తంటా ఉండదు. చెప్పేవాళ్లు లేరు.

అసలు చిక్కు వేరే ఉంది. మనం వాడే దారి చూపే యాప్‌లు ఎక్కువగా కార్ల కోసం తయారయ్యాయి. బ్రిటన్‌లో రైలు వంతెనలను లారీలు, పెద్ద వాహనాలు ఢీకొట్టడం ఏటా పదిహేను వందల దాకా ఉంటుంది, కొన్నేళ్లు అంతకు మించింది. ఈలీ పట్నంలోని స్టంట్నీ రోడ్డు వంతెన దేశంలోనే ఎక్కువ దెబ్బలు తిన్న వంతెనగా పేరు పొందింది. చివరకు 2018లో బైపాస్ వేశారు. తప్పంతా సాట్‌నావ్‌దే, అంటే దారి చూపే పరికరానిదే అనే వాదన అక్కడ బలంగా ఉంది. కానీ అదే 2018లో నెట్‌వర్క్ రైల్ సంస్థ అడిగినప్పుడు, 43 శాతం డ్రైవర్లు తమ వాహనం ఎత్తు కొలవకుండానే బయల్దేరతామని ఒప్పుకున్నారు. ఎత్తు తెలియనివాడికి వంతెన ఎత్తును కాగితం చెప్పినా, యంత్రం చెప్పినా ఒరిగేదేమీ లేదు. అమెరికాలో న్యూయార్క్ చుట్టుపక్కల పార్క్‌వేలు కార్ల కోసమే కట్టినవి, వంతెనలు కిందికి ఉంటాయి, లారీలకు నిషేధం. కారు యాప్‌ను నమ్మి లారీలు అక్కడికి దిగుతూనే ఉన్నాయి. వెర్మాంట్‌లోని స్మగ్లర్స్ నాచ్ కనుమదారిలో పొడవాటి లారీలు బండరాళ్ల మధ్య ఇరుక్కుని రోడ్డంతా గంటల తరబడి మూతపడుతూ వచ్చింది. బోర్డులు పెట్టారు, జరిమానాలు వేశారు, అయినా ఆగలేదు.

దీనికి మందు అక్కడ దొరికింది: లారీల కోసమే చేసిన నావిగేషన్ పరికరాలు. ఎత్తు, వెడల్పు, పొడవు, బరువు, ప్రమాదకరమైన సరుకు ఉందా లేదా అన్నవి ముందే నమోదు చేస్తే దానికి తగ్గ దారే చూపుతాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ 2013లో, కారు జీపీఎస్ వద్దు, లారీ జీపీఎస్ వాడండి అని డ్రైవర్లకు చెప్పే కార్డు కూడా వేసింది. కాగితం అట్లాసులో ఉన్న పట్టికలే ఈ పరికరాల్లోకి చేరాయి. ఆ దేశాల్లో వివాదం చాలావరకు అక్కడికి సద్దుమణిగింది. అనుభవమున్నవాళ్లు లారీ పరికరం పెట్టుకుని, వెనక సీటులో అట్లాసు ఉంచుకుంటారు.

మన లారీలకు అది అచ్చంగా పనికిరాదు. పత్తి లోడు, గడ్డి లోడు, ఊక లోడు ఎత్తినప్పుడు లారీ ఎత్తు తాళ్లు బిగించాక గానీ తెలియదు. నిన్నటి ఎత్తు ఈరోజు ఉండదు. ఇక వంతెన వైపు చూస్తే, ఊళ్లో రైలు పట్టాల కింది అండర్‌పాస్ మీద రాసిన ఎత్తు, రోడ్డు మీద తారు పొర మీద పొర వేసుకుంటూ పోయాక నిజం కాదు. రెండు వైపులా కొలత కదులుతూ ఉంటే యంత్రం ఏ అంకెను నమ్మాలి? మన దగ్గర ఈ పని చేసింది క్లీనరు. బండి ఆపి, దిగి, తలెత్తి చూసి, బాడీ మీద చేత్తో కొడుతూ అంగుళం అంగుళం దాటించేవాడు. కరెంటు తీగ తగిలేలా ఉంటే ఎండు కర్రతో పైకెత్తేవాడు, ప్రాణాలకు తెగించి.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ, బదాయూ జిల్లాల మధ్య రామగంగ మీది సగం కొట్టుకుపోయిన వంతెన పైనుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వంతెనకు ఒక భాగం వరదల్లో అంతకుముందే పోయింది. మ్యాపు యాప్ ఆ దారి చూపిందని దేశమంతా దాన్ని తిట్టింది, రోడ్డు మూయని ఇంజనీర్ల మీద కేసు పెట్టారు. నాకనిపించేది ఒకటి. కాగితం మ్యాపు ఉన్నా ఆ వంతెనను చూపి ఉండేది, అచ్చయిన వంతెన ఏళ్ల తరబడి అచ్చులోనే ఉంటుంది కాబట్టి. ముందు ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆగి అడిగి ఉంటే ఎవరో ఒకరు చెప్పేవారు. ఫోను ఉండటం వల్ల ఆగాల్సిన అవసరం పోయింది. ఆ వేళకు అడగడానికి మనిషి లేకపోయి ఉండొచ్చు కూడా. అందుకే రోడ్డుకు అడ్డం పెట్టాల్సిన బాధ్యత ముందు రోడ్డు వేసినవాళ్లది.

సమయం అనేది ఇంకో సంగతి. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే నల్లమల దారిలో పులుల అభయారణ్యం గేట్లు రాత్రి 9 గంటలకు మూస్తారు, ఉదయం 6కు తీస్తారు. నగరాల్లో పగలు భారీ వాహనాలకు నో ఎంట్రీ ఉంటుంది, ఏ రోడ్డులో ఏ గంటకో పోలీసులు మారుస్తుంటారు. పాత డ్రైవరు గేటు వేళను లెక్కేసుకుని భోజనం ఎక్కడో నిర్ణయిస్తాడు. కొత్తవాడు గేటు దగ్గరికొచ్చి తెల్లారేదాకా చలిలో కూర్చుంటాడు. ఇరుకు రోడ్ల గురించి మాత్రం కొంత మార్పొచ్చింది. గూగుల్ మ్యాప్స్ 2024లో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో ఇరుకు రోడ్లను గుర్తించి తప్పించే ఏర్పాటు చేసింది. అది కార్ల కోసం. లారీ వంతు ఎప్పుడొస్తుందో చూడాలి.

బుర్ర మీద పడే ప్రభావం గురించి పరిశోధనలు చాలానే వచ్చాయి. వాటిలో లారీ డ్రైవర్ల మీద జరిగినవి తక్కువ, కాబట్టి జాగ్రత్తగా తీసుకోవాలి. లండన్ టాక్సీ డ్రైవరు లైసెన్సు కావాలంటే చారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలో పాతిక వేల వీధులు కంఠతా రావాలి. ఎలియనార్ మగ్వైర్ బృందం 2000లో ఆ డ్రైవర్ల మెదడులో, దారులను గుర్తుంచుకునే హిప్పోక్యాంపస్ వెనక భాగం ఇతరులకన్నా పెద్దదిగా ఉందని చూపింది. 2011లో శిక్షణకు ముందూ తర్వాతా కొలిచి, చదివి గెలిచినవాళ్లలోనే ఆ పెరుగుదల కనబడిందని తేల్చింది. నాకు వీటికన్నా ముఖ్యమనిపించింది 2006 నాటి పోలిక. టాక్సీ డ్రైవర్లను, అదే నగరంలో రోజూ ఒకే రూటులో తిరిగే బస్సు డ్రైవర్లతో పోల్చారు. ఆ పెరుగుదల బస్సు డ్రైవర్లలో లేదు. మన లారీల్లోనూ ఈ రెండు జాతులున్నాయి. రోజూ అదే ఊరికి పోయే లైను బండి ఒకటి, ఎక్కడ లోడు దొరికితే అక్కడికి పోయే నేషనల్ పర్మిటు బండి ఒకటి. రెండో బండి నడిపేవాడి బుర్రకు ఫోను వల్ల ఎక్కువ నష్టమనుకోవచ్చు. మొదటివాడికి ఫోను అవసరమే తక్కువ.

లండన్‌లోనే 2017లో సోహో వీధుల నమూనాలో 24 మందిని తిప్పి చూశారు. సొంతంగా దారి వెతుక్కునేటప్పుడు కొత్త వీధిలోకి రాగానే హిప్పోక్యాంపస్ చురుగ్గా మారింది. యంత్రం చెప్పినట్టు తిరిగేటప్పుడు ఆ చురుకు లేదు. జపాన్‌లో తోరు ఇషికావా బృందం 2008లో నడిచేవాళ్ల మీద చేసిన పరీక్షలో, జీపీఎస్ పట్టుకున్నవాళ్లు ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు, తర్వాత దారి బొమ్మ గీయమంటే సరిగా గీయలేకపోయారు. మేలుగా చేసింది ఎవరంటే, ముందు ఒకసారి మనిషి వెంటపెట్టుకుని దారి చూపించినవాళ్లు. ఈ ఒక్క ఫలితం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మనిషి వెంట ఒకసారి పోవడం, అంటే క్లీనరుగా ఎడమ సీట్లో కూర్చుని పోవడం.

మా వైపు డ్రైవరయ్యేది అలాగే. పదిహేను, పదహారేళ్లకు క్లీనరుగా ఎక్కేవాడు. టైరు మార్చేవాడు, ఇంజను వేడెక్కితే నీళ్లు పోసేవాడు, తిట్లు తినేవాడు. ఆ వయసు పిల్లలు పడిన కష్టాన్ని గొప్పగా చెప్పుకోకూడదు. చాలామంది బడి మానేసి వచ్చినవాళ్లే. కానీ నాలుగైదేళ్లు ఎడమ సీట్లో కూర్చునేసరికి విజయవాడ నుంచి హౌరా దాకా, నాగపూర్ దాకా రోడ్డు వాడి ఒంట్లోకి దిగేది. ఏ గట్టు వానకు మెత్తబడుతుందో, ఏ ఘాటులో రెండో గేరులోనే దిగాలో, ఏ ధాబా దగ్గర డీజిలు దొంగలుంటారో తెలిసేది. నేషనల్ పర్మిటు లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలని ఒకప్పుడు నిబంధన ఉండేది. 2018లో అది తీసేశారు. కిరాయి గిట్టుబాటు కాక యజమానులు క్లీనరును మానేశారు. "ఫోనుంది కదా, దారి అదే చెబుతుంది" అన్నది చాలాచోట్ల చెప్పే కారణం. మన దేశంలో ఫోను నెట్టేసింది కాగితాన్ని కాదు, ఎడమ సీటులోని మనిషిని. రివర్సు చేసేటప్పుడు వెనక ఎవరున్నారో చూసేదెవరు, తెల్లవారుజామున మూడింటికి కళ్లు మూతపడుతుంటే పలకరించేదెవరు అన్నవి ఆ లెక్కలోకి రాలేదు.

లారీవాళ్ల నోట "జీపీఎస్" అనే మాటకు అర్థం వేరని కూడా చెప్పాలి. దారి చూపే దాన్ని "మ్యాపు" అంటారు. "జీపీఎస్" అంటే డాష్‌బోర్డు కింద యజమాని పెట్టించిన పెట్టె. బండి ఎక్కడుందో, ఎంతసేపు ఆగిందో అది యజమాని ఫోనుకు చెబుతుంది. ఒకే ఉపగ్రహం ఒక చెవిలో దారి చెబుతూ, ఇంకో చెవికి చాడీ చెబుతున్నట్టుంటుందని ఒకాయన అన్నారు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 2017 డిసెంబరు నుంచి లారీలో ఎన్ని గంటలు నడిపారో నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరం తప్పనిసరి అయింది. న్యూజెర్సీలో ఒక డ్రైవరు కంపెనీకి తన జాడ తెలియకూడదని జీపీఎస్ సంకేతాన్ని అడ్డుకునే చిన్న పరికరం పెట్టుకుంటే, అది పక్కనున్న నెవార్క్ విమానాశ్రయం వ్యవస్థనే గందరగోళపరిచింది. 2013లో అతనికి 31,875 డాలర్ల జరిమానా వేశారు. జాడ దాచుకోవాలని మనిషి అంత దూరం వెళ్లాడంటే ఆ నిఘా ఎంత బరువో తెలుస్తుంది.

సరుకు వెంట ఉండాల్సిన మన ఈ-వే బిల్లు కూడా ఒకరకం మ్యాపే. పిన్‌కోడ్ నుంచి పిన్‌కోడ్‌కు దూరం లెక్కగట్టి, 2021 నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువిస్తుంది. ఆ లెక్కలో గట్టు రోడ్డు తప్పించుకోవడానికి తిరిగిన చుట్టు లేదు, గేటు దగ్గర పోయిన రాత్రి లేదు. గడువు దాటితే జవాబు చెప్పాల్సింది చివరికి డ్రైవరే.

కావలసింది ఏమిటో పాత డ్రైవర్లను అడిగితే చెబుతారు. ప్రతి అండర్‌పాస్, ప్రతి వంతెన ఎత్తును ఏటా కొలిచి, రైల్వేలు, రోడ్లు భవనాల శాఖలు అందరికీ ఒకేచోట బహిరంగంగా పెట్టాలి. మూసిన రోడ్డును మూసినరోజే అందులో చేర్చాలి. 2021 తర్వాత చట్టంలో దీనికి అడ్డేమీ లేదు, చేసే శాఖ కావాలి. లారీకి నో ఎంట్రీ వేళలు పోలీసు బోర్డు మీద మాత్రమే ఉంటే చాలదు. ఇవన్నీ ఉన్నా ఎడమ సీటులో మనిషి ఉండాలి, ఇప్పుడు మేజరై, జీతంతో, లైసెన్సుకు సిద్ధమయ్యే సహాయకుడిగా. రెండో జీతం భారం కిరాయిలో కలవాలి, దాన్ని సరుకు పంపేవాళ్లు భరించాలి. చేప ధరలో ఐసు ఖర్చు కలుపుతున్నాం, మనిషి ఖర్చు కలపలేమా?

మర్నాటి రాత్రి ఒడిశాలో బాలేశ్వరం దాటాక వంతెన పని జరుగుతోందని బారికేడ్లు పెట్టి లారీలను సర్వీసు రోడ్డులోకి దింపుతున్నారు. ఫోనుకు ఆ సంగతి తెలియదు, నేరుగా వెళ్లమంటూనే ఉంది. ఆయన దిగే ముందు బండి ఆపి, టార్చి పట్టుకుని నడిచి వెళ్లి బురద చూసొచ్చారు. ముందు లారీ టైరు జాడ ఎంత లోతు దిగిందో చెప్పుతో తొక్కి చూశారు. తర్వాత బండిని ఎడమ అంచు వదిలి నడిమధ్యగా, నెమ్మదిగా దాటించారు. అవతల రోడ్డెక్కి ఆగి ఫోను తీశారు. వెనక ఆకివీడు నుంచి రెండు బండ్లు వస్తున్నాయట. "రేయ్, బాలేశ్వరం దాటాక కిందికి దింపుతున్నారు. ఎడమ అంచు నమ్మొద్దు, నడిమధ్యన రా. తమ్ముడికీ చెప్పు" అన్నారు. ఫోను పెట్టేశాక సీటు పైన అరలోంచి నోటుబుక్కు తీసి, లైటు వేసుకుని, బాలేశ్వరం అన్న పేరు కింద తేదీతో సహా ఒక లైను రాసుకున్నారు.